గింబటకం పుట్టుక

బసవలింగానికి ‘తెలియదు’ అన్న ముక్క తప్ప అన్నీ తెలుసు.

పాత మాట ఏది చెవిన పడినా దాని పుట్టుక చెప్పేసేవాడు. పప్పులో కాలెయ్యడం అనే పలుకుబడి ఎలా వచ్చిందంటే, వెనకటికో విందులో మంత్రిగారు చీకట్లో నిజంగానే పప్పు గుండిగలో కాలు పెట్టాడట. పక్క ఊరికి వెళ్ళేసరికి కాలు పెట్టింది సేనాపతి అయ్యేవాడు. ఆ పై ఊళ్ళో రాజుగారి బావమరిది. పప్పు మాత్రం మారేది కాదు. జనం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

ఇంత పేరొచ్చాక ఇంకా మఠంలో అంట్లు తోముతూ కూర్చోవడమేమిటి? గురువు సోమలింగయ్య దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టాడు.

“స్వామీ, పేటలో కూర్చుని నలుగురికీ మాటల పుట్టుకలు చెప్పుకుంటాను. సెలవిప్పించండి.”

గురువుగారు ఎండలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. “ఒక్క మాటకి చెప్పు నాయనా, పంపించేస్తాను. గింబటకం.”

బసవలింగం ఆ మాట జన్మలో వినలేదు. అయినా రెప్ప వాల్చలేదు.

“గింబటుడని ఒక మహారాజు ఉండేవాడు స్వామీ. ఆయన యుద్ధానికి చుట్టుకెళ్ళే తలపాగా గింబటకం. తాళపత్రాల్లో ఉంది.”

“ఏవీ?”

“చెదలు తినేశాయి.”

గురువుగారు ఇంకో కాయ అందుకున్నారు. “పొద్దున పళ్ళు తోముకుంటుంటే వేపపుల్ల దవడకి అడ్డం పడింది. చెన్నమ్మని నీళ్ళు తెమ్మందామంటే నోట్లోంచి ‘గింబటకం’ అని వచ్చింది.”

వంటింటి గడపలో బియ్యం ఏరుతున్న చెన్నమ్మవ్వ బసవలింగాన్ని ఎగాదిగా చూసింది. “అయ్యో, పిల్లోడి మొహం గింబటకమైపోయిందే!”

అంతే. సాయంత్రం పాలు తాగుతూ దొరికిపోయిన పిల్లి గింబటకం మొహం పెట్టింది. వారం తిరక్కుండా పేటలో తూకం దగ్గర పట్టుబడ్డ బెల్లం వర్తకుడూ పెట్టాడు.

బసవలింగం లబోదిబోమంటూ వచ్చాడు. “స్వామీ, ఆ మాట ఎలాగైనా ఆపించండి.”

“ఆపడం నా వల్ల కాదు గానీ, దాని పుట్టుక ఇప్పుడు నీకు తెలుసుగా. సెలవిచ్చాను, వెళ్ళిరా.”

పేటలో సంత రోజున జనం బసవలింగం చుట్టూ మూగారు. ముందు కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“సామీ, ఈ గింబటకం అనేది ఎట్లా పుట్టింది? చాలా పాత మాట. మా తాత కూడా అనేవాడు.”

బసవలింగం నాలుక చివర గింబట మహారాజు అప్పుడే తలపాగా చుట్టుకుంటున్నాడు. ఇంతలో జనం వెనక చతికిలబడి కూర్చున్న గురువుగారు కనిపించారు. ఎప్పుడొచ్చారో ఏమో, అందరిలాగే ఆయన కూడా మెడ సాచి, చెవి ఒగ్గి ఉన్నారు.

బసవలింగం మహారాజుని తలపాగాతో సహా మింగేశాడు.

“శబ్దం మా గురువుగారిది,” అన్నాడు లోగొంతుకతో. “అర్థం నాది.”

“వెనక్కి వినపడట్లేదు నాయనా,” అన్నారు గురువుగారు. “కాస్త గట్టిగా.”