చెప్పులు అడిగిన పేరు

రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఓ వెనకాయనా, ఆ స్తంభం వదిలి ముందుకు రా నాయనా! ఆంజనేయస్వామిని తలుచుకుని వినండి.

చిత్రగిరి రాజు వీరభూపతికి ఓ సరదా పుట్టింది. "కుస్తీ చూసే జనం మనసులో మాట దాచుకోకూడదు. ముసుగు వేసుకుని ఏమైనా అనొచ్చు. ముసుగును పేరు అడిగినవాడికి కొరడా దెబ్బలు!" అని చాటింపు వేయించాడు.

ఇంకేం, పిరికివాళ్లకి పండగే! వస్తాదు ముత్తెన్న ఒక్క పట్టు తప్పి ఓడాడు. గోదా పక్కన ఒక ముసుగు తిట్లు మొదలెట్టింది, నలభై ముసుగులు అందుకున్నాయి. ఎదురుపడితే అతనికి దణ్ణాలు పెట్టే శూరులే అందరూ!

మర్నాడు ముత్తెన్న మూట కట్టాడు. ఆస్థాన విదూషకుడు కొండుభట్టు దారికి అడ్డం నిలిచాడు.

"ఎక్కడికిరా?"

"ఓడినందుకు తిడితే పడతాను స్వామీ. పోయిన మా అమ్మనెందుకు తిట్టాలి? గోదా అధికారి మార్తాండరాయలుగారేమో 'పట్టించుకోకు నాయనా' అని భుజం తడతారు. నేనిక ఆ మట్టిలో దిగను."

"ఇవాళొక్క కుస్తీకి దిగు. మిగతా సంగతి నాకొదిలెయ్."

రోహిణీ కార్తె ఎండ. గోదా మట్టంటే ఆంజనేయస్వామి కొలువు కదా, అందరూ చెప్పులు బయటే విడిచారు. ముత్తెన్న గెలిచాడు. గెలిచినా తిట్టారు! తిట్టి తిట్టి బయటికొస్తే చెప్పుల్లేవు. రాతి వాకిలి పెనంలా కాలుతోంది. కొండుభట్టు చెప్పులన్నీ కుప్పపోసి, పందిరి నీడన దర్జాగా కూర్చున్నాడు.

"పేరు చెప్పండి, చెప్పులు పట్టుకెళ్లండి."

"రాజాజ్ఞ మరిచావా? ముసుగును పేరు అడక్కూడదు!" గెంతుతూనే అరిచింది ఓ పట్టుముసుగు.

"ముసుగును నేనెక్కడ అడిగాను బాబూ? తమ యజమాని ఎవరని పాపం ఈ చెప్పులు అడుగుతున్నాయి!"

కుస్తీ చూసి అప్పుడే వాకిట్లోకి వచ్చిన రాజు పకపకా నవ్వాడు. కాళ్లు బొబ్బలెక్కి ఒక్కో ముసుగూ ఊడింది. సిగ్గుతో గొణిగిన పేర్లు వినాలి మీరు! పట్టుముసుగు మాత్రం ఒంటికాలి మీద కొంగలా నిలబడింది.

కొండుభట్టు వెండిపూల చెప్పులు ఎత్తి చూపాడు.

"వీటికి దిక్కెవరూ లేరు. ముత్తెన్నా, నువ్వు తొడుక్కో."

"ఆ మట్టికాళ్లవాడికా! రాజుగారు నాకు బహూకరించిన చెప్పులవి!"

రాజు నవ్వు ఆగిపోయింది.

"నేనిచ్చింది మార్తాండరాయలికి కదా!"

వాకిలంతా గొల్లుమంది. మార్తాండరాయలు ముసుగు తీసి, ఆ కాలే రాళ్ల మీదే ముత్తెన్నకు చేతులు జోడించాడు. రాజు తన ముత్యాలహారం కొండుభట్టు మెడలో వేసి, ముసుగుల చాటింపు రద్దు చేశాడు. ముత్తెన్న మూట విప్పాడు.

నాయనలారా, ఒక్కపని గుర్తుంచుకోండి. చాటునుంచి రాయిలాంటి మాట విసిరినవాణ్ణి ఆ రోజు కొండుభట్టు "నీ పేరేమిటి?" అని అడిగాడు. మీరూ అడగండి.