తట్టలు కాల్చిన దళపతి

కొండల నడుమ ఒక రాజ్యం ఉండేది. దాని ఒడిలో ఒక చెరువు, ఆ చెరువుకి ఒక మట్టికట్ట. చెరువు అనడం చిన్నమాటే. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కంటికి ఆనదు. అంత నీటినీ కొండల మధ్య ఆపి నిలిపింది ఉత్త బంకమన్ను, తరతరాల మనుషులు నెత్తిన మోసి పోసిన మన్ను.

కట్ట రోజూ కాస్త జారేది. రోజూ ఇంటికో తట్ట మన్ను పోసి తొక్కాలి. తాతల కాలంలో పాడుకుంటూ పోసేవాళ్ళు. తర్వాత ఒకడు రాజ్యాన్ని ఆక్రమించి, తనను దొరా అని పిలవమన్నాడు. కోడి కూయగానే కొరడా పట్టుకుని కట్ట మీద నిలబడేవాడు. ఆలస్యమైతే దెబ్బ, తట్ట వెలితైతే దెబ్బ. పాట పోయింది, వీపులు పగిలాయి.

ఆ గోడు నది వెంట దిగి పల్లపు రాజ్యానికి చేరింది. పల్లపు రాజు మనసున్నవాడు. "పోయి వాళ్ళని విడిపించి రా," అని దళపతిని పంపాడు. దళపతికి ఆరేళ్ళ కూతురుంది. చెరువు తూములోంచి జారి వచ్చే ఆ నది ఒడ్డున మొదటి ఇల్లు వాళ్ళదే. "జొన్న కంకి వేసేలోగా వచ్చేస్తా తల్లీ," అని ఆ పిల్లకి మాటిచ్చి బయలుదేరాడు.

యుద్ధం ఒక్క పూటలో ముగిసింది. దొర కొరడా పారేసి పారిపోయాడు. దళపతి దాన్ని గెలుపు గుర్తుగా తన గుడారం గుంజకి తగిలించాడు. తర్వాత కట్ట ఎక్కి చెరువును చూశాడు. పారే నీటినే గానీ, నిలబడ్డ నీటిని అంతగా ఎన్నడూ చూసినవాడు కాదు. ఆకాశం నేల మీద పడుకున్నట్టుంది. తనకు తెలియకుండానే చెప్పులు విప్పేశాడు.

ఇటు తిరిగేసరికి కట్ట వాలున గుట్టలుగా తట్టలు కనిపించాయి. ఆయనకి ఒళ్ళు మండింది.

"ఇవేగా మీ సంకెళ్ళు! కాల్చెయ్యండి."

వేల తట్టలు భగ్గుమన్నాయి. జనం మంట చుట్టూ ఆడారు, ఏడ్చారు, ఒకరినొకరు వాటేసుకున్నారు. అది నిజమైన సంతోషమే, కాదనను.

ఒక ముసలమ్మ మాత్రం దళపతి దగ్గరికి వచ్చింది. ఆమె వీపు మీద చారలు అందరికంటే ఎక్కువే. "నాయనా, కొరడా తీసెయ్యమని ఏడ్చాం. తట్టలు కాల్చమన్నామా?"

"పండగ పూట కూడా పనేనా అవ్వా?" అని నవ్వాడు దళపతి.

"ఇల్లలకగానే పండగ కాదు నాయనా," అని ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు కట్ట మీదికి ఎవరూ రాలేదు. ముసలమ్మ ఒక్కతే కొంగులో మన్ను మూటగట్టుకుని వచ్చింది. "దొర మనిషి!" అంటూ జనం రాళ్ళు రువ్వారు. అప్పటి నుంచి ఆ రాజ్యంలో మన్ను ముట్టినవాళ్ళంతా దొర మనుషులే. దళపతి ఆమె గాయానికి కట్టు కట్టించాడు. జనాన్ని ఏమీ అనలేదు. వాళ్ళ స్వేచ్ఛ, వాళ్ళ ఇష్టం అనుకున్నాడు.

వానలు పట్టాయి. కట్ట అడుగున వేలు పట్టేంత సందులోంచి నీరు కారింది. వారానికి అందులో చెయ్యి పట్టింది. నది రంగు మారింది. కట్ట తెగితే ఆ నీరు ముందు ఎవరి గుమ్మం తొక్కుతుందో దళపతికి వేరే చెప్పాలా?

సైనికులు డాళ్ళు తిరగేసి మన్ను మోశారు. మూడు వందల మంది, మూడు రోజులు. ఏ మన్ను వెయ్యాలో, ఎలా తొక్కాలో వాళ్ళకి తెలియదు. పోసింది పోసినట్టే కొట్టుకుపోయింది. దళపతి గడప గడపకీ తిరిగి చేతులు జోడించాడు.

"మా ఇళ్ళు ఎత్తున ఉన్నాయి బాబూ. చెరువు పోతే పోనీ. ఆకలితో చస్తాం గానీ మళ్ళీ మన్ను మొయ్యం," అన్నారు జనం. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

నాలుగో రోజు పొద్దున కట్ట లోపల్నించి మూలిగింది. దళపతి గుడారంలోకి వెళ్ళాడు. గుంజకి వేలాడుతున్న కొరడా వైపు చూశాడు. నది ఒడ్డు ఇంట్లో కూతురు గుమ్మం దగ్గర ఆడుకుంటూ ఉంటుంది. బయటికి వచ్చేసరికి ఆయన చేతిలో కొరడా ఉంది.

ఇళ్ళ మధ్యకి వెళ్ళి మొదటి దెబ్బ గాలిలోకి కొట్టాడు. రెండోది మనుషుల మీద.

జనం వచ్చారు. వానలో, వేలమంది, డాళ్ళతో, కొంగులతో, దోసిళ్ళతో మన్ను తెచ్చి పోశారు. తాతలు నేర్పిన అడుగులతో కట్టను తొక్కారు. ఆ పాదాల కింద అంత నీరూ అణిగి, పిల్లి పడుకున్నట్టు పడుకుంది. సైనికులు మోకాళ్ళ మీద కూలబడి చూస్తుండిపోయారు. మనిషి పాదానికి అంత మహిమ ఉందని వాళ్ళు ఎరగరు. సాయంత్రానికి కారడం ఆగిపోయింది. వాన వెలిసింది. ఆకాశం మళ్ళీ నేల మీద పరుచుకుంది.

దళపతి కొరడా పారెయ్యబోయాడు. అంతలో ముసలమ్మ వచ్చి, ఖాళీ డాలు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, తలవంచుకు నిలబడింది. ఆమె వీపు మీద కొత్త చార ఒకటి తేలి ఉంది.

"రేపు ఎప్పుడు రమ్మంటారు దొరా?"

దళపతి కట్ట వంక చూశాడు. కట్ట కింద నుంచి పల్లానికి పోతున్న నది వంక చూశాడు. అక్కడ జొన్న కంకి వేసి ఎన్నాళ్ళయిందో. కొరడా ఇంకా చేతిలోనే ఉంది.

"కోడి కూయగానే," అన్నాడు.