మైలెద్దు ఆడని అబద్ధం

కొండమీది బౌద్ధారామంలో భిక్షువులకు నీళ్లబండి లాగే మైలెద్దు, రోజూ చెవిన పడే పంచశీలాలను తనూ పాటించడం మొదలుపెట్టింది. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, అబద్ధమాడను అనుకుంది. కల్లు ముట్టకపోవడం, పరస్త్రీ జోలికి పోకపోవడం ఎద్దుకు పెద్ద కష్టమేమీ కాదులెండి!

ఒక పున్నమి పొద్దున, బండి విప్పాక అది చింతచెట్టు కింద పడుకుని నెమరేస్తోంది. కౌజుపిట్ట ఆరు పిల్లల్ని తోలుకుంటూ రొప్పుతూ వచ్చింది.

"అన్నా, నక్క తరుముకొస్తోంది! పిల్లలకింకా రెక్కలు రాలేదు!"

"నా గంగడోలు కిందికి తోలు తల్లీ," అంది ఎద్దు.

పిల్లలు అలా దూరాయో లేదో గుంటనక్క ఊడిపడింది. "మైలమామా! నువ్వు అబద్ధమాడవని కొండంతా చెప్పుకుంటుంది. కౌజుపిల్లలెక్కడ?"

ఎద్దు చిక్కులో పడింది. లేవని ఒక్క మాటంటే గండం గడిచిపోతుంది. కానీ ఆ మాటతో ఇన్నాళ్ల నడతా మట్టిపాలవుతుంది. నోరు మూసుకున్నా ఈ జిత్తులమారి కనిపెట్టేస్తుంది.

"నా గంగడోలు కింద ఉన్నాయి."

"అయ్యో అన్నా, ఎంత పని చేశావు!" కౌజుపిట్ట గొల్లుమంది.

నక్క పకపకా నవ్వింది. "అయితే లే మామా!"

"లేవాలని ఏ శీలంలోనూ లేదు అల్లుడూ."

"కుమ్మవుగా? తన్నవుగా?"

"కుమ్మను, తన్నను."

"ఇంకేం!" నక్క మూతి దూర్చబోయింది. ఎద్దు మెడ వంచి గడ్డం నేలకు ఆనించింది. నక్క గోళ్లతో గీరసాగింది. మంట పుట్టినా ఎద్దు కదల్లేదు. అప్పుడే దారి మలుపులో దానికి మనుషులు కనబడ్డారు. పున్నమినాడు ఊరివాళ్లు భిక్షువులకు మధ్యాహ్నంలోపే భోజనం మోసుకొస్తారు. వెంట వాళ్ల కుక్కలూ వస్తాయి.

"అల్లుడూ, నీ మంచికే చెబుతున్నా. నీ వెనకాల నాలుగు కుక్కలొస్తున్నాయి. పారిపో."

"ఓహో! అవసరమొచ్చేసరికి శీలం గాలికొదిలేశావా? నేనైతే ఈ అబద్ధం ఎప్పుడో ఆడేవాణ్ణి!" నక్క వెనక్కి తిరిగైనా చూడలేదు.

"పదడుగుల దూరంలో ఉన్నాయి."

"ఐదడుగులను, నమ్ముతా!"

"ఇప్పుడు ఐదే."

నక్క నవ్వు సగంలోనే ఆగింది. తోక వెంట్రుకలు గుప్పెడు ఒక కుక్క నోట్లో వదిలేసి, అది కొండ దిగి పరిగెత్తిన పరుగు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మళ్లీ ఆ కొండ ఛాయలకు రాలేదు.

ఆరు పిల్లలూ కిచకిచమంటూ బయటికొచ్చాయి. "నిన్ను తప్పుగా అనుకున్నాను అన్నా," అని కౌజుపిట్ట కన్నీళ్లు పెట్టుకుంది. ఎద్దు ఒళ్లంతా సంతోషంతో పొంగింది. గీరిన మంటను కూడా మరిచి, మూపురం ఎగరేసి గట్టిగా రంకె వేసింది.

అబద్ధాలతో బతికేవాడు, తన ప్రాణం కాపాడే నిజాన్ని కూడా నమ్మలేడు.