పన్నెండు వస్తువుల ఇల్లు

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి ఒక ఒడ్డు. ఆ ఒడ్డు మీద గవ్వలదిబ్బ అని ఒక ఊరు.

ఊళ్ళో నలభై ఇళ్ళు. ముప్పై తొమ్మిది ఇళ్ళు గుండ్రంగా ఉండేవి. మట్టి గోడ, తాటాకు కప్పు, ఒకే వాకిలి. గాలివాన వచ్చినా ఆ గుండ్రటి గోడను చుట్టుకుని తన దారిన పోయేది. నలభయ్యో ఇల్లు మాత్రం నాలుగు పలకలుగా, ఎనిమిది గదులతో ఉండేది. అది ఊరిపెద్ద సూరప్పది.

అన్నిటికంటే చిన్నది దాలయ్య, కన్నమ్మల ఇల్లు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరు అడుగులు వేస్తే అయిపోయేది. దాలయ్య ఊళ్ళో కప్పు పనిలో అందెవేసిన చెయ్యి. ఎవరి ఇంటికి తాటాకు నేసినా మొదట వాసాల మీదికి ఎక్కేది అతనే. కన్నమ్మ చాపలు అల్లేది. వంట వాకిట్లో, కబుర్లు అరుగు మీద, నిద్ర లోపల. సాయంత్రమైతే దాలయ్య తప్పెట కొట్టేవాడు, కన్నమ్మ పాడేది. దారిన పోయేవాళ్ళు ఆగి, కాసేపు కూర్చుని, మజ్జిగ తాగి పోయేవాళ్ళు.

"ఒదినా, ఇంత చిన్న ఇంట్లో ఎలా సర్దుకుంటున్నారు?" అని ఎవరైనా అడిగితే కన్నమ్మ నవ్వేది.

"మేం సర్దుకోవడం లేదమ్మా. సర్దడానికి ఏముందనీ?"

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఏటా తొలకరికి ముందు పాత ఆకు దించి కొత్త ఆకు కప్పుతారు. ఎవరి వంతు వస్తే వాళ్ళు పొద్దు పొడిచాక మొదలుపెట్టి, తాటిచెట్టంత పొద్దెక్కేలోగా ఇంట్లో ఉన్నదంతా బయట పెట్టాలి. పాత ఆకులో తేళ్ళుంటాయి. లోపల సామాను ఉంటే అందులో దూరుతాయి. పైగా వాసాలు వదులు చేసినప్పుడు అటక మీద బరువుంటే అది కూలి మనుషులకు దెబ్బ తగులుతుంది. అందుకని యజమాని గడపలో నిలబడి, "ఇల్లు ఖాళీ" అని అందరూ వినేలా చెప్పాలి. ఆ తరవాతే దాలయ్య పైకి ఎక్కుతాడు. మూడు పొద్దులు ప్రయత్నించినా ఖాళీ చెయ్యలేకపోతే వంతు పక్కింటికి పోతుంది.

ఆచారం మంచిదే. కానీ దానికి ఒక తెగులు పట్టింది. ఏడాదికి ఒకసారి ఎవరింట్లో ఏముందో ఊరంతా చూస్తుంది కదా! చూస్తారని కొనడం మొదలైంది. కొన్నది పెట్టడానికి గదులు కట్టడం మొదలైంది. ఆ పోటీలో అందరినీ దాటిపోయినవాడు సూరప్ప. నలుగురూ ఒక ఇత్తడి బిందె బయట పెడితే సూరప్ప తొమ్మిది పెట్టేవాడు. ఆ తొమ్మిదింటిలో నీళ్ళు పట్టేది ఒక్కదానిలోనే.

ఆ ఏడు తాటితోపులో చెట్లు సగమే మిగిలాయి. కిందటి గాలివాన మిగతా సగాన్ని పడగొట్టింది. ఉన్న చెట్లను బతికించుకోవాలంటే చెట్టుకు ఎనిమిది ఆకుల కంటే ఎక్కువ కొయ్యకూడదు. కోసిన ఆకుతో ముప్పై ఎనిమిది ఇళ్ళు నేశారు. ఇక రెండే మిగిలాయి. ముందు సూరప్ప వంతు, తరవాత కన్నమ్మ వంతు. కళ్ళంలో మిగిలింది మూడు వేల ఆకులు. సూరప్ప ఇంటికి సరిగ్గా మూడు వేలు కావాలి. కన్నమ్మ ఇంటికి రెండు వందలు చాలు.

సూరప్ప వాళ్ళ వాకిట్లోకి వచ్చాడు.

"దాలయ్యా, వంతు నాది. నాది నేశాక మీకు ఆకు మిగలదు. మీరు కష్టపడొద్దు. మా పెరట్లో ఉప్పుకుండలు పెట్టుకునే కొట్టం ఉంది, అందులోకి వచ్చెయ్యండి. మీ ఇంటిదేముంది, నాలుగు వానలకు కరిగిపోతుంది."

దాలయ్య తల వంచుకున్నాడు. కన్నమ్మ జవాబు చెప్పింది.

"వంతు మీదే సూరప్పన్నా. కాదనం. మీ ఇల్లు నేశాక ఆకు మిగిలితే మాది నేసుకుంటాం. లేకపోతే గోడ కరిగేదాకా అందులోనే ఉంటాం."

మొదటి పొద్దు వచ్చింది.

ఊరంతా సూరప్ప వాకిట్లో చేరింది. సామాను బయటికి రావడం మొదలైంది. కానీ సూరప్ప భార్య నీలవేణి ప్రతి వస్తువు దగ్గరా ఆగేది.

"ఈ పళ్ళెం చూశావా పిన్నీ? చుట్టూ హంసలు! అటు కాదు, వెలుగులో పెట్టండి. ఆ బిందెలు వరసగా పెట్టండి, చిన్నది ముందు."

సూరప్ప తల్లి అచ్చమ్మకు ఎనభై ఏళ్ళు. వేపచెట్టు కింద కూర్చుని అంతా చూస్తోంది.

"ఏమే నీలవేణీ, ఇల్లు దించుతున్నావా, తిరణాల పెడుతున్నావా?" అంది.

అందరూ నవ్వారు. తాటిచెట్టంత పొద్దెక్కింది. మూడు గదులే ఖాళీ అయ్యాయి. బయట పెట్టినదంతా మళ్ళీ లోపల పెట్టేసరికి సాయంత్రమైంది.

రెండో పొద్దు వచ్చింది.

ఈసారి నీలవేణి ఎక్కడా ఆగలేదు. పనివాళ్ళు పరుగెత్తారు. ఏడు గదులు ఖాళీ అయ్యాయి. ఎనిమిదో గదిలో పందిరిమంచం ఉంది. ఎనిమిదిమంది పట్టుకుని గుమ్మం దాకా తెచ్చారు. అది గుమ్మంలో పట్టలేదు. నిలువుగా తిప్పారు, పట్టలేదు. పక్కకు వాల్చారు, పట్టలేదు.

"మరి లోపలికి ఎలా వచ్చింది?" అన్నాడు దాలయ్య.

సూరప్ప నుదురు తుడుచుకున్నాడు. "మంచం లోపల పెట్టాకే ఆ గోడ కట్టించాం."

"మరి ఇన్నేళ్ళూ దీన్ని బయటికి ఎలా తెచ్చారు?"

"గోడ కట్టింది కిందటి శీతాకాలంలోనే కదా!"

అచ్చమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒరే సూరీ, మంచం కోసం ఇల్లు కట్టినవాణ్ణి నిన్నే చూశాను!"

వడ్రంగిని పిలిచారు. అతను వచ్చి మంచం కోళ్ళు ఊడదీసేసరికి పొద్దు దాటిపోయింది. మళ్ళీ సామానంతా లోపలికి.

ఇక మిగిలింది ఒక్క పొద్దు. ఆ సాయంత్రం సముద్రం మీద నల్లటి మబ్బు కనిపించింది.

కన్నమ్మ అరుగు మీద కూర్చుని తన ఇంటి కప్పు వైపు చూసింది. ఆకు చివికిపోయి అక్కడక్కడా ఆకాశం కనిపిస్తోంది.

"రేపు కూడా సూరప్పన్నకు కుదరకపోతే వంతు మనది," అంది.

"అవును," అన్నాడు దాలయ్య.

"కుదరకూడదని అనిపిస్తోంది నాకు. తప్పు కదూ?"

"అనిపించడం తప్పు కాదు. రేపు మనం ఊరికే చూస్తూ కూర్చుంటే తప్పు."

మూడో పొద్దు వచ్చింది.

అందరికంటే ముందు సూరప్ప గుమ్మంలో నిలబడింది దాలయ్య, కన్నమ్మలే. కన్నమ్మ బిందెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఒకేసారి మూడేసి తెచ్చింది. దాలయ్య ఊడదీసిన మంచం కోళ్ళు భుజాన వేసుకుని వచ్చాడు. అది చూసి, నవ్వుతూ నిలబడినవాళ్ళంతా పైట బిగించి, పంచె ఎగ్గట్టి కదిలారు. తాటిచెట్టంత పొద్దెక్కడానికి ఇంకా జానెడు ఉండగానే ఎనిమిది గదులూ ఖాళీ అయ్యాయి.

సూరప్ప గడపలో నిలబడ్డాడు. దాలయ్య తాడు నడుముకు కట్టుకుని, నిచ్చెన మీద కాలు పెట్టి ఎదురు చూస్తున్నాడు.

సూరప్ప నోరు తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, అటక. వంటింటి పైన చీకట్లో అటక ఉంది. దాని మీద పాత జాడీలు, విరిగిన తిరగలి రాళ్ళు, ఎవరూ వాడని గంగాళాలు. ఏడేళ్ళుగా ఎవరూ అటు చూడలేదు. ప్రతి ఏడూ వంటింటి వైపు వాసాలు గట్టిగా ఉన్నాయని విప్పేవాళ్ళు కాదు. కిందటి గాలివానకు అవీ వదులయ్యాయి, ఈసారి విప్పక తప్పదు.

ఇప్పుడు ఆ సంగతి తెలిసినవాడు తనొక్కడే. చెప్పకపోతే ఇల్లు నేస్తారు. చెబితే వంతు పోతుంది. మబ్బు తల మీదికి వచ్చింది.

నిచ్చెన మీద కాలు పెట్టిన దాలయ్యను చూశాడు. వాసాలు వదులై ఆ బరువు కూలితే దాంతోపాటు మొదట పడేది అతనే.

"ఆగు దాలయ్యా," అన్నాడు సూరప్ప. "ఇల్లు ఖాళీ కాలేదు. అటక మీద ఉంది."

అటక మీదివి దించడానికి పది మంది ఎక్కారు. సగం దించేసరికే పొద్దు తాటిచెట్టు దాటింది. వంతు కూడా దాటింది.

"కన్నమ్మా, వంతు నీది. వాన ముంచుకొస్తోంది, రేపటి పొద్దు దాకా ఆగక్కర్లేదు," అన్నాడు సూరప్ప.

కన్నమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆమె అటు ఒక అడుగు, దాలయ్య ఇటు ఒక అడుగు. రెండు చాపలు, ఒక బొంత, మూడు కుండలు, ఒక గరిటె, ఒక కొడవలి, ఒక కడవ, ఒక బట్టల మూట, ఒక దీపం, ఒక తప్పెట. లెక్కకు పన్నెండు. వక్క నమిలేంత సేపట్లో వాకిట్లో ఉన్నాయి. వాళ్ళిద్దరికీ ఒక నియమం ఉండేది. ఏటా బయటికి తెచ్చిన వస్తువు ఆ ఏడాదిలో ఒక్కసారైనా పనికి రాకపోతే మళ్ళీ లోపలికి పోదు, అవసరమున్నవాళ్ళకు ఇచ్చేస్తారు.

"ఇల్లు ఖాళీ!" అంది కన్నమ్మ గడపలో నిలబడి.

రెండు వందల ఆకులు. నలభై చేతులు. మధ్యాహ్నం కాకముందే కప్పు పూర్తయింది. ఆఖరి ముడి బిగించి దాలయ్య కిందికి దిగుతుండగా మొదటి చినుకు పడింది.

తరవాత కురిసిన వాన మామూలు వాన కాదు. మూడు రోజులు తెరిపి లేదు. సూరప్ప ఇంటి పాత ఆకు మొదటిరోజే జారిపోయింది. ఎనిమిది గదుల్లోనూ మళ్ళీ లోపల పెట్టిన సామాను నిండి ఉంది. మనిషి ఒదిగి కూర్చునే పొడి చోటు ఒక్కటీ లేదు.

కన్నమ్మ తాటాకు గొడుగు వేసుకుని వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది.

"రండి సూరప్పన్నా. పిల్లల్ని ఎత్తుకోండి. అమ్మను నేను పట్టుకుంటాను."

"మీ ఇల్లా?" అన్నాడు సూరప్ప. "మేం ఐదుగురం. ఎక్కడ పడతాం తల్లీ?"

"అందులో మేమిద్దరమే కదన్నా ఉండేది. మిగతాదంతా చోటే."

ఆ మూడు రోజులు ఆరు అడుగుల ఇంట్లో ఏడుగురు మనుషులు ఉన్నారు. గంజి కాచుకున్నారు, పంచుకున్నారు. కాళ్ళు ఒకరివి ఒకరికి తగిలితే పిల్లలు కిచకిచమన్నారు. దాలయ్య తప్పెట కొడితే నీలవేణి పాడింది. ఆమెకు పాట వచ్చని పెళ్ళయిన పన్నెండేళ్ళకు సూరప్పకు తెలిసింది. అచ్చమ్మ గోడకు ఆనుకుని రెండు కాళ్ళూ బారజాపింది.

"ఒరే సూరీ, మన ఇంట్లో నేను కాళ్ళు చాపి నాలుగేళ్ళయిందిరా," అంది.

సూరప్ప తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని నొక్కుతూ కూర్చున్నాడు.

వాన తగ్గింది. ఊరు మళ్ళీ సూరప్ప వాకిట్లో చేరింది.

"దాలయ్యా, ముందు రెండు గదులకే కప్పు వెయ్యి," అన్నాడు సూరప్ప. "మిగతా గోడలు పడగొట్టేద్దాం. అక్కడ పాదులు పెడతాం."

"మరి ఈ సామానంతా అన్నా?"

నీలవేణి జవాబు చెప్పింది. "కావలసినవాళ్ళు తీసుకోండి. వరసగా పెట్టే పని నాకు తప్పుతుంది."

రెండు గదులకు ఏడు వందల ఆకులు సరిపోయాయి. మిగిలినవి మరుసటి ఏడుకు దాచారు. ఆ ఏడు తోపులో కోత తగ్గింది, చెట్లు కొత్త మొవ్వులు వేశాయి. సూరప్ప వంతు వచ్చిన పొద్దున అతని ఇల్లు ఊళ్ళో అందరికంటే ముందు ఖాళీ అయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు చూపించడానికి ఏమీ లేదు. అందుకని నీలవేణి వాళ్ళను కూర్చోబెట్టి పాట పాడింది.

పిల్లలూ, ఇంటి వైశాల్యం గోడల మధ్య దూరంతో తేలదు. అవసరం లేనిదాన్ని బయట పెట్టినవాడి ఇంట్లోనే మనిషికీ సంతోషానికీ చోటుంటుంది.