అబ్బులు పెళ్ళికోటు

గుమ్మళ్ళపాలెంలో తాతబ్బాయి ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ సంగతి ఊళ్ళోవాళ్ళెవరికీ తెలియదు, తాతబ్బాయి ఇంటివాళ్ళకే తెలుసు. తాతబ్బాయి, అతని పెళ్ళాం చిట్టెమ్మ, తమ్ముడు అబ్బులు, ముగ్గురిదీ ఒకటే నియమం: ఎవరేం చెప్తే అది చెప్పినట్టే చెయ్యాలి. "వానొచ్చేలా ఉంది, గొడుగు మర్చిపోకండి" అని ఎవరైనా అంటే, దారి పొడుగునా గొడుగునే తలుచుకుంటూ తడిసి ముద్దయి ఇంటికొచ్చేవాళ్ళు.

అబ్బులికి ముప్ఫై దాటాయి. తొమ్మిది సంబంధాలు వచ్చి వెనక్కిపోయాయి. పదోది పట్నంలో మిషను కుట్టే భ్రమరాంబది. బట్టలు కుట్టే పిల్ల కనక, కాస్త నీటుగా తయారయ్యే మనిషి కావాలందని కబురొచ్చింది. ఆ పిల్ల ఫోటో చూసిన దగ్గర్నుంచీ అబ్బులికి అన్నం సహించడం లేదు. ఇదీ తప్పిపోతే ఇంక జన్మలో పెళ్ళి కాదని వాడి బెంగ.

కొత్త కోటు కుట్టించే తాహతు లేదు. పట్నంలో ఆదివారం సంతలో పాతబట్టలు చవగ్గా దొరుకుతాయి. వెళ్ళేముందు వీధి చివర దర్జీ పీరుసాహెబుని సలహా అడిగారు. "పాతబట్టలు కొనడం ఓ విద్య. కుట్లు లాగి చూడండి. వాడు చెప్పిన ధరకి కొనకండి. ఉతక్కుండా ఒంటిమీద వేసుకోకండి" అన్నాడాయన.

అంతే, ముగ్గురూ ఆ మూడు మాటలూ జపం చేస్తూ బస్సెక్కారు.

సంతలో టార్పాలిన్ మీద బట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. అబ్బులు ఓ చొక్కా తీసి కుట్టు లాగాడు. ఊడలేదు. ఇంకా లాగాడు. చెయ్యి ఊడి చేతికొచ్చింది.

"ఇది పనికిరాదన్నయ్యా!"

"అలాగైతే ఇది చూడు" అని తాతబ్బాయి ప్యాంటు ఒక కాలు పట్టుకున్నాడు, చిట్టెమ్మ రెండో కాలు పట్టుకుంది. ఇంకేముంది! రెండు కాళ్ళూ వేరు కాపురాలు పెట్టేశాయి. పదిహేను నిమిషాల్లో ఓ పక్క చేతుల కుప్ప, ఓ పక్క కాలర్ల కుప్ప తయారయ్యాయి.

కొట్టువాడు లబోదిబోమన్నాడు. "మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఆపండి! ఇదిగో, ఉన్ని కోటు. ఎవరో కలెక్టరుగారు తొడిగింది. ఏనుగులు లాగినా ఊడదు."

"ఏనుగుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది, ఆదివారం పూటా?" అంది చిట్టెమ్మ. నీలం రంగు, ఇత్తడి గుండీలు. అబ్బులు కళ్ళు మెరిశాయి. ఈ కోటులో తనని చూస్తే ఆ పిల్ల కాదనదని వాడి మనసు చెప్పింది.

"ఎంత?" అన్నాడు తాతబ్బాయి.

"ఐదొందలు."

"నువ్వు చెప్పిన ధరకి కొనం!"

"సరే, నాలుగొందలు."

"అదీ నువ్వు చెప్పిందే గదా!"

"మూడొందలివ్వండి బాబూ."

"మళ్ళీ నువ్వే చెప్తన్నావ్!"

"పోనీ మీరే చెప్పండి!"

"ఆరొందలు!" అని తాతబ్బాయి గర్వంగా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. కొట్టువాడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, వాళ్ళ మొహాలకేసి వింతగా చూశాడు. తమ బేరానికి బిత్తరపోయాడనుకున్నారు ముగ్గురూ.

"తొడిగి చూసుకోండి" అన్నాడు వాడు తేరుకుని.

"అమ్మో, ఉతక్కుండానా!" అని చిట్టెమ్మ కోటుని బోరింగు దగ్గరికి తీసుకుపోయి, సబ్బు రుద్ది, బండకేసి బాది, ఎండలో ఆరేసింది. ఉన్ని కోటు! మూరెడు కుంచించుకుపోయింది.

"చిక్కిపోయిందేంటే?" అన్నాడు తాతబ్బాయి.

"పాత యజమాని మీద బెంగెట్టుకుందేమోనండి" అంది చిట్టెమ్మ జాలిగా.

పెళ్ళిచూపులకి భ్రమరాంబవాళ్ళు గుమ్మళ్ళపాలెం వచ్చిన రోజున అన్నా వదినలు చెరో పక్కా పట్టి అబ్బులిని అందులోకి దూర్చారు. వాడి చేతులు కిందికి దిగవు, దగ్గరికి రావు. రెక్కలు విప్పిన కోడిపుంజులా కుర్చీలో కూర్చున్నాడు. భ్రమరాంబ తండ్రి ముత్యాలరావుగారు వాకిట్లోనే ఆగిపోయారు.

"అబ్బాయి చేతులు అలా చాపాడేమిటండీ?"

"ఆయ్, కోటే అలా చాపిస్తందండి" అంది చిట్టెమ్మ.

భ్రమరాంబ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. "ఇంత బిగుతైంది ఎందుకు తొడిగారండీ?" అని నేరుగా అబ్బులినే అడిగింది.

"మీకు నచ్చాలనండి" అన్నాడు వాడు. "ఊపిరాడట్లేదుగానండి, మీరు వెళ్ళేదాకా ఉగ్గబట్టుకోగలను."

ఆ పిల్ల మనసు కరిగిపోయింది. తండ్రి చెవిలో ఏదో చెప్పింది. ఆయన నిట్టూర్చి, "సరేనండీ, మా అమ్మాయికి నచ్చాడు. ఇంక మీరేమీ కొనకండి, ఏమీ మార్చకండి. అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడో అలాగే పెళ్ళిపీటల మీదికి తీసుకురండి" అన్నారు.

అప్పుడు అబ్బులు కోటులో ఉన్నాడు, కుర్చీలో ఉన్నాడు, చేతిలో వదిన సగం కొరికించిన సున్నుండ ఉంది. అంతే. పెళ్ళిదాకా పదకొండు రోజులూ వాడలాగే ఉన్నాడు. చిట్టెమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. పెళ్ళినాడు కుర్చీతో సహా ట్రాక్టరెక్కించి పట్నం తెచ్చారు.

"గెడ్డం ఒక్కటే మన మాట వినలేదండి, పెరిగిపోయింది" అని తాతబ్బాయి వియ్యంకుడికి క్షమాపణ చెప్పుకున్నాడు.

ముహూర్తం దగ్గరపడింది. తాళి కట్టమంటే అబ్బులి చేతులు రెండూ కలవవు. వాడికి ఏడుపొచ్చేసింది, చేతికందిన పెళ్ళి చేజారిపోతోందని. భ్రమరాంబ మిషను మీది కత్తెర తెప్పించి, కోటు వీపు నిలువునా చీల్చేసింది. పదకొండు రోజుల తరవాత అబ్బులు గుండెల నిండా గాలి పీల్చుకుని, మూడు ముళ్ళూ వేశాడు.

భోజనాలయ్యాక తాతబ్బాయి ఖాళీ కుర్చీ ట్రాక్టరులో వేసుకున్నాడు.

"అదేమిటండీ, అమ్మాయినీ అబ్బాయినీ తీసుకెళ్ళరా?" అన్నారు ముత్యాలరావుగారు.

"ఆయ్, తెమ్మన్నారు, తెచ్చాం. తీసుకెళ్ళమని ఎవరూ చెప్పలేదండి" అని తమ్ముడికేసి కూడా చూడకుండా పెళ్ళాంతో వెళ్ళిపోయాడు.

సాయంత్రమైంది. పందిరి గుంజలు పీకేశారు, జంపఖానాలు చుట్టేశారు. అబ్బులు మాత్రం పీట మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. భ్రమరాంబ వచ్చి, "ఇంకా లేవలేదేమండీ?" అంది.

"పీటల మీద కూర్చోమన్నారండి. లెమ్మని ఎవరూ అనలేదు."

ఆమె పకపకా నవ్వి, "సరే, లేవండి. లేచి నాతో రండి" అంది.

అబ్బులు సంతోషంగా లేచాడు, పీటని కూడా చంకన పెట్టుకుని. "దీన్ని వదిలెయ్యమని మీరు చెప్పలేదు గదండీ" అన్నాడు.