వద్దురాయి

పూర్వం, అంటే మరీ రాజుల కాలం గీజుల కాలం కాదులే, తాతల తాతలు దూది ఏకుకుని బతికే రోజుల్లో, ఎర్రదిన్నెలో లాలుబీ అని ఒకావిడ ఉండేది. మొగుడు ఇమాంసా. వారమంతా దూది ఏకేవాడు, శుక్రవారం పక్కనున్న తుమ్మలకోట మసీదుకి పోయి హదీసులు చెప్పేవాడు. హదీసంటే ప్రవక్తగారు అన్న మాట, చేసిన పని. నమాజు ఎలా చెయ్యాలి, అన్నం ఎలా తినాలి, చచ్చినోణ్ణి ఎలా సాగనంపాలి, అన్నిటికీ అదే దారి. ఊరికే చెప్తే ఎవడూ ఒప్పుకోడు, ఎవరు ఎవరి దగ్గర విన్నారో వరసంతా చెప్పాలి.

"మధ్యలో ఒక్కడు అబద్ధాలకోరైనా దారం తెగినట్టేనే" అనేవాడు ఇంట్లో. "నేను మా ఉస్తాద్ దగ్గర విన్నా, నువ్వు నా దగ్గర వింటున్నావ్. ఇప్పుడు కొస నీ చేతిలో ఉంది."

"నాకెందుకయ్యా కొసలు, ముందు ఈ పత్తి గింజలు తియ్యనీ" అని నవ్వేది లాలుబీ.

ఒక శుక్రవారం ఇమాంసా మసీదులో ఉండగానే తుమ్మలకోటలో గడ్డల రోగం బయటపడింది. చంకలో గడ్డ లేచిందంటే మనిషి అయిపోయినట్టే. జనం మూటలు కట్టుకుని ఒకటే పరుగు. లాలుబీ తమ్ముడు దస్తగిరి బండి కట్టి, అక్కని ఎక్కించుకుని తుమ్మలకోట పొలిమేర రాయి దాకా తోలాడు. రాయికి అవతల ఇమాంసా నిలబడున్నాడు.

"ఎక్కు బావా, ఎద్దులు కూడా బెదురుతున్నాయి."

"రోగమున్న ఊళ్లోకి పోవద్దు, ఉన్న ఊళ్లో రోగం పుడితే పారిపోవద్దు అన్నారు ప్రవక్తగారు. నేను రాను. మీరూ ఇటు రాకండి."

"పారిపోయినోళ్లంతా బతుకుతారు, నువ్వొక్కడివే హదీసు పట్టుకుని చావు!" అని అరిచాడు దస్తగిరి.

ఇమాంసా కదల్లేదు. లాలుబీ ఏడ్చింది, తిట్టింది, ఆఖరికి తెచ్చిన రొట్టెలు రాయి మీద పెట్టి వెనక్కి జరిగింది. అతను వచ్చి తీసుకున్నాడు. ఆ రోజునుంచీ అదే పని. ఆమె రొట్టెలు మోసుకొచ్చేది, అతను అవతల శవాలకి స్నానాలు చేయించి పూడ్చేవాడు.

ఒక సాయంత్రం తూలుకుంటూ వచ్చాడు. రొట్టె ముట్టలేదు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి, ఒక చెయ్యి ఒంటికి ఆనకుండా ఎడంగా పట్టుకున్నాడు.

"లాలూ, భయమేస్తోందే. నన్ను ఇంటికి తీసుకుపో."

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కదా ఆమె కాళ్లరిగేలా తిరిగింది! చెయ్యి చాచబోయింది. వెనక ఎర్రదిన్నె పొయ్యిల పొగ కనిపించింది. తమ్ముడి పిల్లలు, ఊరు ఊరంతా ఆ పొగ కిందే ఉన్నారు. చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దయ్యా."

"ఎవరు చెప్పారే?"

"నువ్వే."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "సరిగ్గానే విన్నావ్" అని వెనక్కి తిరిగాడు. మళ్లీ రాలేదు.

ఎర్రదిన్నెలో ఒక్కరికీ గడ్డ లేవలేదు. రోగానికి ఓర్చి ఊళ్లోనే పోయినవాడు షహీద్, దేవుడి దారిలో ప్రాణమిచ్చినవాడితో సమానం అని కూడా హదీసుంది కదమ్మా అని పెద్దలు ఓదార్చబోయారు. "అదీ ఆయన దగ్గరే విన్నా. షహీద్‌ని ఏం చేసుకోను? నాకు నా మొగుడు కావాలి" అంది. బతికినన్నాళ్లూ పొద్దుగూకేసరికి ఆ రాయి దగ్గరికే పోయి కూర్చునేది.

అదే వద్దురాయి. ఇప్పటికీ ఏటా ఇమాంసా పేరున జరిగే ఉరుసు రోజు ఆడవాళ్లు దాని మీద రొట్టెలు పెట్టి వెనక్కి జరుగుతారు. పోయినవాళ్ల కోసం ఫాతెహా చదవడం అయ్యాక, లాలుబీ అనలేకపోయిన మాట అందరూ గొంతెత్తి అంటారు: "రావయ్యా, ఇంటికి పోదాం."

కాసేపు ఆగుతారు. ఎవరూ రారు. రొట్టెలు కొంగున కట్టుకుని ఇళ్లకి పోతారు.