రోజుకో కృతి కోరిన రాజు

చిత్రవేణి నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట నిమ్మలగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే వీరకంఠ భూపతికి యుద్ధాల బెడద లేదు. ఆ ఇసుకనేల మీద పొరుగు రాజులెవరికీ ఆశ లేదు మరి. చేతినిండా తీరిక, గుండెనిండా తనమీద తనకే ప్రేమ. అలాంటి రాజుకు ఏదో ఒకటి తోచక మానదు. తోచినప్పుడల్లా ఆ బరువు మోసేది మాత్రం వేరెవరో.

ఒకనాడు కొలువులో ఆయన చెవిన ఒక కబురు పడింది. పొరుగున ఉన్న పొన్నవరం రాజుకు అక్కడి కవులు పన్నెండు కృతులు అంకితమిచ్చారట.

"మనకెన్ని ఉన్నాయి?" అన్నాడు రాజు.

"రెండు, ప్రభూ," అన్నాడు మంత్రి గుండప్రెగడ, గొంతు తగ్గించి.

రాజు మీసం మీద చెయ్యి వేశాడు. "ఇవాళ్టినుంచి రోజుకో కృతి. ఏడాది పొడవునా. ఒక్కోదానిలో ముప్ఫై పద్యాలకు తగ్గకూడదు. అన్నీ నా మీదే."

కొలువంతా ఆస్థానకవి దోనయ వైపు తిరిగింది. దోనయ లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, పద్యం అంటే..."

"తప్పిన రోజున నీ గంటం లాగేసుకుంటాను," అన్నాడు రాజు. "ఆ తర్వాత ఈ రాజ్యంలో నువ్వు తాటాకు మీద గీత గీయడానికి వీల్లేదు."

రాజు నోరు తెరిస్తే ఆజ్ఞ, కవి నోరు తెరిస్తే సాకు. అధికారం ఏ కాలంలో ఉన్నా దాని నిఘంటువు ఇంతే.

ఆనాటినుంచి దోనయ గంటం పట్టి రాస్తూనే ఉన్నాడు. మొదటి వారం ఉత్సాహంగానే సాగింది. రెండో వారం రాజుగారి మీసం మీద చెప్పడానికి ఇంకేమీ మిగలలేదు. మూడో వారం చంద్రుడు, సింహం, సముద్రం, మందరగిరి వంతులవారీగా వచ్చి వెళ్లాయి. నది మీద పడవలు నడిపేవాళ్ల కథ ఒకటి మూడేళ్లుగా తనకోసం తాను రాసుకుంటున్నాడు. అది అటకెక్కింది. ఒకరోజు దాన్ని దించి ఒక్క పద్యం రాద్దామని కూర్చున్నాడు. పడవవాడి నోట కూడా రాజుగారి ఖడ్గమే వచ్చింది. దోనయ ఆకు పక్కన పెట్టేసి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

నలభయ్యో నాడు ఖడ్గవర్ణన చెక్కుతూ చెక్కుతూ చేయి ఆపాడు. ప్రభువు కత్తి దూస్తే మెరుపు సిగ్గుపడి మబ్బు చాటుకు పోయిందని ఆ పద్యం. అది తనకు బాగా తెలుసు. పది రోజుల కిందట రాశాడు. అంతకు ముందూ రాసినట్టే గుర్తు. ఎవరూ ఏమీ అనలేదు. తప్పు పట్టేవాడైనా లేకపోవడం కన్నా కవికి వేరే శిక్ష అక్కర్లేదు.

భార్య లక్కమ వచ్చి పక్కన కూర్చుని, అతని కుడిచేతి వేళ్లకు గోరువెచ్చని ఆముదం రాసింది.

"ఏమండీ, రాజుగారు వీటిని వింటున్నారా అసలు?"

"ఎక్కడ వింటారు? ప్రెగడ గారు కట్ట పుచ్చుకుంటారు, 'అపూర్వం' అంటారు, అరలో పెడతారు. మర్నాడు మళ్లీ అపూర్వం."

"వినకపోతే ఆయన పుచ్చుకున్నట్టెలా అవుతుంది? మా అమ్మ మనింటికి సారె పంపితే మీ అక్క విప్పి చూసేదాకా అందినట్టు కాదు."

దోనయ ఆమె వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత అతని మొహంలో కాస్త కదలిక వచ్చింది. "లక్కమా, ఆ కండువా ఇలా ఇవ్వు. భాండాగారం దాకా వెళ్లొస్తాను."

వీరకంఠుడి తాతగారు పద్యం నిజంగా వినే మనిషి. తన సభలో సామంతులు కునుకు తీస్తూ కృతులు అంకితం పుచ్చుకోవడం చూసి ఒళ్లు మండి, కృతి స్వీకరించడానికి ఒక విధి రాయించి ఆ భాండాగారంలోనే పెట్టాడు. ఏడాదికో రెండేళ్లకో ఒక కృతి వచ్చే రోజులవి. వీరకంఠుడి పట్టాభిషేకం తర్వాత ఆ ఆకులు ఎవరూ విప్పలేదు. దోనయ దుమ్ము దులిపి చదివాడు. రెండుసార్లు చదివాడు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, నలభై కృతులు రాశాను. అందులో ఒక్కటీ ఏలినవారిది కాలేదు."

"అన్నీ నా భాండాగారంలోనే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. ఇంట్లో ఉన్నంత మాత్రాన పిల్లకు పెళ్లయినట్టా ప్రభూ? తాతగారి విధి ప్రకారం, ఎవరికి అంకితమో వారు కూర్చుని వినేదాకా కృతి కన్యే. మరో నలభై రోజుల్లోగా వినకపోతే కవి దాన్ని వేరొకరికి అంకితమివ్వచ్చు. పొన్నవరం రాజుగారికి పద్యాలంటే ప్రీతి అని విన్నాను."

"నా మీద రాసినవి వాడికెలా పనికొస్తాయి?"

"పేరున్న చోట పేరు మారిస్తే చాలు ప్రభూ. ఖడ్గం ఎవరిదైనా ఖడ్గమే."

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "రేపే మొదలుపెట్టు. రోజుకొకటి వింటాను. ఈ నలభై అయ్యేదాకా కొత్తది రాయక్కర్లేదు."

గుండప్రెగడ కంగారుగా వంగాడు. "ప్రభూ, ఆ విధి కాస్త..."

"ఊరుకో ప్రెగడా. రాసేవాడికి లేని కష్టం వినేవాడికేమిటి?"

తెల్లవారగానే రాజుకు తలంటి పోశారు. పట్టుబట్ట కట్టి, నిండు కొలువులో పీట మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టారు. ఎదురుగా, ఆయనకంటే జానెడు ఎత్తున, అరలోంచి చేతికందిన కట్టతో దోనయ. విధిలో ఉన్నది ఇదీ: కృతి పూర్తయ్యేదాకా కృతిభర్త ఏమీ తినకూడదు, తాంబూలం వేసుకోకూడదు, లేవకూడదు, మాట్లాడకూడదు. చివర్లో, విన్నానని రుజువుగా ఒక పద్యం ఒప్పజెప్పాలి. చెప్పలేకపోతే కవి మళ్లీ మొదటినుంచి చదవాలి.

దోనయ అన్యాయం చేయలేదు. ఒక్కో పద్యం రెండుసార్లు చదివి, అర్థం చెప్పి, ఆగి, ముందుకెళ్లాడు. అయిదు పద్యాల దాకా రాజు చిరునవ్వుతో తల ఊపాడు. పదో పద్యానికి మోకాలు సర్దుకున్నాడు. ఇరవయ్యో పద్యం దగ్గర వంటశాలనుంచి గారెల వాసన వచ్చింది. ముప్ఫయ్యోది అయ్యేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కింది.

"ఒక పద్యం, ప్రభూ."

రాజు గడుసుగా మొదటి పద్యం అప్పజెప్పాడు.

"అది గణపతి ప్రార్థన. చెల్లదు. అది అన్నిట్లోనూ ఉంటుంది."

తంటాలు పడి ఇంకొకటి చెప్పి బయటపడ్డాడు రాజు. రెండోనాడు ఎలాగో గట్టెక్కాడు. మూడోనాడు చెప్పలేకపోయాడు. దోనయ నిట్టూర్చి కట్ట మళ్లీ మొదటి ఆకుకు తిప్పాడు. ఆ రోజు రాజు అన్నం తినేసరికి పశువులు ఇళ్లకు చేరుతున్నాయి.

నాలుగోనాడు తలనొప్పి అని కబురు పంపాడు.

"ప్రభువుల ఆరోగ్యం ముఖ్యం," అన్నాడు దోనయ వచ్చిన భటుడితో. "గడువు మాత్రం ఆగదని చెప్పు."

రాజు తలకు పట్టు వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

దోనయకు ఇందులో సరదా ఏమీ లేదు. చదివి చదివి గొంతు బొంగురుపోయింది. తను రాసిన చెత్త తన నోటితోనే పైకి చదవడం ఎంత నరకమో అప్పుడు తెలిసొచ్చింది. ఎదురుగా ఒక మనిషి ఆకలితో, కాళ్లు తిమ్మిరెక్కి, దిక్కులేక, ఒక్కో మాటనూ పట్టుకోవడానికి పాకులాడుతున్నాడు. ఇన్నాళ్లలో తన పద్యానికి అంతగా చెవొగ్గినవాడు ఇంకొకడు లేడు. ఆ మాట తట్టి అతనికి కాస్త సిగ్గు కూడా వేసింది.

ఆరోనాడు రెండోసారి చదవడం కూడా అయిపోయింది. రాజు పెదవులు ఎండిపోయాయి. కళ్లు మూసుకుని మెల్లగా ఒక పద్యం ఎత్తుకున్నాడు. ప్రభువు కత్తి దూస్తే మెరుపు సిగ్గుపడి మబ్బు చాటుకు పోయిందని.

"అది రెండోనాటి కృతిలోది, ప్రభూ," అన్నాడు దోనయ.

"ఇవాళ్టి దానిలోనూ ఉంది," అన్నాడు రాజు కళ్లు తెరవకుండానే. "పదిహేడో పద్యం. ఇవాళ రెండు విడతలూ విన్నాను."

రాజు కళ్లు తెరిచాడు. అప్పుడుగానీ తను ఏమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు.

"దోనయా. ఒకే పద్యాన్ని నాకు రెండుసార్లు అంటగట్టావా?"

"రెండుసార్లు కాదు ప్రభూ. పదకొండు కృతుల్లో ఉన్నట్టు గుర్తు. ఇంకా ఎక్కువేమో, నేనూ తిరగేసి చూడలేదు."

రాజు మంత్రి వైపు తిరిగాడు. "ప్రెగడా, నువ్వు నలభయ్యింటినీ అపూర్వం అన్నావు."

అరలో ఉన్న కట్టల పసుపుదారాలు వేసిన ముడి వేసినట్టే ఉన్నాయని అక్కడ అందరికీ తెలుసు.

"రాజునే మోసం చేసినవాడికి శిక్ష ఏమిటో తెలుసా?" అన్నాడు రాజు దోనయతో.

"తెలుసు ప్రభూ. గంటం ఇచ్చేస్తాను." దోనయ దాన్ని మొలలోంచి తీసి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టాడు. "ఒక్క మాట చెప్పి ఇచ్చేస్తాను. ఏలినవారు ఉట్టినే కూర్చుని వినడానికే ఆరు రోజుల్లో అలిసిపోయారు. ఎవడో చెక్కిన పద్యాన్ని తిరిగి చెప్పడానికే ఆకలితో సాయంత్రం దాకా ఉన్నారు. లేని పద్యాన్ని పుట్టించేవాడు నలభై రోజులు ఎలా ఉన్నాడో ఎవరూ అడగలేదు. కవి చెయ్యి కూడా చెయ్యే ప్రభూ. అరగదీస్తే అరుగుతుంది. మెరుపు మొదటిసారి మబ్బు చాటుకు పోయినప్పుడు నిజంగానే సిగ్గుపడింది. పదకొండోసారి దానికి సిగ్గూ లేదు, నాకూ లేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని చూస్తూ రాశాను. ఇవాళ ఏలినవారు పట్టుకున్నారు. నాకు దొరికిన మొదటి శ్రోత తమరు."

రాజు లేవబోయాడు, కాలు తిమ్మిరి వల్ల మళ్లీ పీట మీద కూలబడ్డాడు. కూలబడి, తన అవస్థకు తనకే నవ్వొచ్చి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఖాళీ కడుపు కాబట్టి నవ్వు ఇంకా గట్టిగా వినిపించింది.

"పదిహేడో పద్యం," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నేను పట్టాను. ప్రెగడ పట్టలేదు." ఆ గొప్ప కూడా వదులుకోలేదు. ఎంతైనా రాజు. "సరే, చెప్పు. ఏడాదికి ఎన్ని రాయగలవు, చెప్పింది చెప్పకుండా?"

"ఎన్ని రాస్తానో చెప్పలేను ప్రభూ. రోజూ కూర్చుంటానని మాత్రం చెప్పగలను. పొద్దున ఒక్క జాము. ఒకనాడు నాలుగు పద్యాలు, ఒకనాడు ఒక పాదం, ఒకనాడు ఏమీ ఉండదు. ఆ జాములో నన్ను ఎవరూ పిలవకూడదు, ఎన్ని అయ్యాయని అడగకూడదు. జాము దాటాక నేను లేచి నది ఒడ్డుకు పోతాను. పడవవాళ్లతో మాట్లాడతాను, చేపల పులుసు తింటాను, పడుకుంటాను. మర్నాడు మళ్లీ కూర్చుంటాను. అలా అయితే ముసలివాణ్ణయ్యేదాకా రాయగలను."

"మరి నాకేమిటి లాభం?"

"ఏలినవారు వినాల్సి వచ్చినప్పుడు నిద్ర రాదు."

రాజు వంగి గంటం తీసి స్వయంగా దోనయ చేతిలో పెట్టాడు. అతని భుజాల మీద తన పట్టు ఉత్తరీయం కప్పాడు. పొద్దుటి జాము దోనయదని, అతని వాకిట్లో ఒక భటుడు నిలబడి ఎవరినీ లోపలికి పోనివ్వకూడదని సభలోనే శాసనం చెప్పాడు. వినని ముప్ఫైనాలుగు కృతులనూ పొన్నవరం పంపేయమన్నాడు. "వాడూ కూర్చోనీ," అన్నాడు.

పది రోజులు గడిచాయి. అలవాటు మానుకోలేని గుండప్రెగడ ఒక పొద్దున దోనయ ఇంటిదాకా వెళ్లాడు. భటుడు అడ్డుపడితే గోడ మీదుగా మెడ సాచి లోపలికి చూశాడు. చూసి, రొప్పుతూ రాజు దగ్గరకు వచ్చాడు.

"ప్రభూ, అతను ఏమీ రాయడం లేదు. ఆకు ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు."

ఫలహారం చేస్తున్న వీరకంఠ భూపతి ముద్ద ఆపి నవ్వాడు.

"ఊరికే కూర్చోవడం నువ్వెప్పుడైనా చేశావా ప్రెగడా? నేను ఆరు రోజులు చేశాను." తన ముందున్న గారెల పళ్లెం మంత్రి వైపు జరిపాడు. "ఇది తీసుకెళ్లి భటుడి చేతికివ్వు. నువ్వు లోపలికి వెళ్లకు. దోనయ లేచాక తింటాడు."